మా అవ్వ అందరిచేతా మందు మాన్పించిన కథ

మా క్వార్టర్‌లోకి వచ్చిన చీమ ఏదీ బతికి వెనక్కి వెళ్లి తన వాళ్లకు దారి చెప్పిన దాఖలా లేదు. గోదావరిఖనిలో మాది రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక పిడికెడు పెరడు ఉన్న కంపెనీ క్వార్టర్. మా లైన్‌లోని మిగతా ఇళ్లలో చీమలు, ఎలుకలు, బొద్దింకలు రేషన్ కార్డులో పేర్లు రాయించుకున్నంత ధీమాగా కాపురాలు చేస్తుంటే, మా గడప దగ్గర మాత్రం వాటి వంశాలకు వంశాలే తుడిచిపెట్టుకుపోయాయి. దానికంతటికీ కారణం మా అవ్వ. మా వైపు అమ్మను అవ్వ అంటాం.

అవ్వ పల్లె విడిచి మా క్వార్టర్‌కు వచ్చిన రోజున, వంటింటి గోడమీద కూర్చుని మీసాలు దువ్వుకుంటున్న ఒక బొద్దింక ఆమెను కింది నుంచి పైదాకా ఎగాదిగా చూసిందట. ఆ అవమానం ఆమె మరిచిపోలేదు. ఆరు నెలలు తిరక్కుండానే ఇల్లు ఆయుధాగారమైపోయింది. మంచం కింద పాల డబ్బాలో చీమల పొడి. తెల్లటి ఆ పొడి మూత తీస్తే, తడిసిన గోనెసంచిలో మూడు తరాల ఎలుకలు కలిసి ప్రాణం విడిచినట్టు వాసన. బీరువాలో చీరకో నాలుగు చొప్పున డాంబర్ గోలీలు. కొందరు వాటినే కలరా ఉండలంటారు. బాత్‌రూంలో ఆసిడ్ సీసా, పెరట్లో బ్లీచింగ్ సంచి, వాకిట్లో ఫినాయిల్. సాయంత్రమైతే మూల మూలకీ దోమల చుట్టలు వెలిగించేది. ఆ పొగ ముందు రామగుండం పొగగొట్టాలు సిగ్గుపడి తల దించుకునేవి. మా ఇంటికొచ్చిన చుట్టాలు రెండో పూటకు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతుంటే, మమ్మల్ని విడిచి వెళ్లలేక ఏడుస్తున్నారని నేను చాలాకాలం మురిసిపోయాను.

ఇక నా సంగతి. నేను బాయి పని చేసేవాణ్ని. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బొగ్గు గోడకు వేసిన రంధ్రాల్లో మందు కూరి పేల్చడం నా డ్యూటీ. ఆ పేలే సరుకును మేం మందు అనే అంటాం. షిఫ్టు దిగాక అప్పుడప్పుడు పుచ్చుకునేదీ మందే. ఒక మందు బొగ్గును పేల్చేది, రెండోది నన్ను. రెంటిమధ్యా సుఖంగా ఉన్నాను.

ఒక్క విషయంలో తప్ప. అంతకు ముందు ఏడాది నా భార్య నెల తప్పింది. నాలుగో నెలలో కడుపు పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. అవ్వ అప్పటికే తన పాత చీరలతో చిన్న బొంత కుట్టడం మొదలుపెట్టి ఉంది. సగం కుట్టిన ఆ బొంతను, సూది దానికే గుచ్చి, మడత పెట్టి, బీరువాలో డాంబర్ గోలీల మధ్య దాచేసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికి ఏ బట్ట కావాలన్నా బీరువా తలుపు సగమే తెరిచి తీసుకునేవాళ్లం.

ఏడాది తిరిగాక మళ్లీ నెల తప్పింది. అవ్వ సంతోషం పట్టలేక చీమల పొడి మోతాదు రెట్టింపు చేసింది. కోడలి మంచం చుట్టూ, కోట చుట్టూ కందకం తవ్వినట్టు, పొద్దున ఒక వరుస, సాయంత్రం ఒక వరుస చల్లేది. "పసిపిండం ఉన్న మనిషి. చీమ కుడితె గెట్ల?" అనేది. బొంత బయటికి తీసి మిగతా సగం కుట్టి, ఈసారి రెట్టింపు గోలీలు వేసి మళ్లీ లోపల పెట్టింది. మేం నాలుగో నెల కోసం, అది దాటిపోవడం కోసం, నోరు మెదపకుండా వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాం.

మూడో నెల చివర కంపెనీ దవాఖానలో చూపించడానికి అవ్వే తీసుకెళ్లింది. నేను మొదటి షిఫ్టులో ఉన్నాను. డాక్టరమ్మది సముద్రం వైపు ఊరు. మాట మెత్తన, వేగం మాత్రం ఎక్స్‌ప్రెస్ రైలు. నా భార్య పొద్దస్తమానం తలనొప్పి అని, ఇంట్లో వాసనకు కడుపులో తిప్పుతోందని చెప్పింది. డాక్టరమ్మ మా అవ్వ వైపు ఒకసారి ముక్కు ఎగబీల్చింది. అవ్వ దగ్గర అప్పుడు దవాఖాన కన్నా ఎక్కువ దవాఖాన వాసన వచ్చేది.

"ఇంట్లో మందులేమైనా వాడుతున్నారామ్మా?"

"అయ్యో, లేదమ్మా."

"ఏ మందూ ఈ అమ్మాయి దరిదాపుల్లోకి రాకూడదు. ముట్టుకోకూడదు, వాసన కూడా పీల్చకూడదు. అర్థమైందా?"

"మంచిగ అర్థమైందమ్మా."

వెనక బారెడు లైను. డాక్టరమ్మ రక్తానికి మాత్రలు రాసి, కిటికీ దగ్గర తీసుకోమని పంపేసింది. అర్థమైంది అన్న ఆ ఒక్కమాట మీద మా ఇంట్లో నెల రోజుల పాటు ఎన్ని ఘోరాలు జరిగాయో వినండి.

డాక్టరమ్మ ఉద్దేశం ఏమిటో మీకు తెలుస్తూనే ఉంది. వాళ్ల వైపు చీమల మందు, బొద్దింకల మందు, దోమల మందు అంటారు. అవ్వ భాషలో ఇవేవీ మందులు కావు. చీమలది పొడి. బీరువాలోవి గోలీలు. బాత్‌రూంలోది ఆసిడు. పురుగుల మందు అనేది పత్తిచేనుకు కొట్టేది, దాన్ని ఎవరైనా ఇంట్లోకి రానిస్తారా? కాబట్టి డాక్టరమ్మ చెప్పిన మందు మరేదో అయ్యుండాలి. అదేదో ఆటో ఇల్లు చేరేలోపే అవ్వకు తట్టింది.

నేను షిఫ్టు దిగి, ఒంటినిండా బొగ్గుతో, కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా లైన్‌లోకి మలుపు తిరిగాను. వాకిట్లో నల్లా దగ్గర అవ్వ బకెట్‌తో నిలబడి ఉంది.

"ఆగు! ఆణ్నే ఆగు!"

"ఏమైందవ్వా?"

"నీ మీద మందుంది."

"ఇంక ముట్టనే లేదు గదనే! సీదా డ్యూటీ దిగి వస్తున్న."

"గా మందు కాదురా, బాయిల మందు. కోడలికి వాసన గూడ తగలద్దని డాక్టరమ్మ చెప్పింది. బట్టలిప్పు."

"ఈడనా? లైనంత చూస్తున్నరు!"

"చూడనియ్యి. నువ్వేమన్న కొత్త పెండ్లికొడుకువా?"

ఆ రోజు నుంచి ప్రతిరోజూ నా స్నానం వాకిట్లోనే. లుంగీ ఒక్కటే రక్షణ. మొదటి రోజు లైనంతా తలుపుల్లో నిలబడి చూసింది. మూడో రోజుకు కుర్చీలు వేసుకున్నారు. వారం తిరిగేసరికి నేను వీపు రుద్దుకోవడంలో ఎడమవైపు వదిలేస్తున్నానని ఎదురింటి వాళ్లు సలహాలివ్వసాగారు. నా బాయి బట్టలకు ఇంట్లో ప్రవేశం లేదు. వాటిని అవ్వ కట్టెతో ఎత్తి, వేరే బకెట్‌లో, వేరే సబ్బుతో ఉతికేది.

తర్వాత నా రెండో మందు. బియ్యం డ్రమ్ములో, అడుగున, మోచేతి లోతున దాచిన సీసాను అవ్వ తవ్వి తీసింది. నేను అన్నేళ్ల అనుభవంతో దాచింది, ఆమె ఏ సర్టిఫికెట్టూ లేకుండా పట్టుకుంది. పెరటి మోరీ దగ్గర మూత తిప్పుతుంటే పక్క క్వార్టర్ కాక గోడమీది నుంచి తల పెట్టాడు. కాక అంటే బాబాయి వరస, మా బాయిలోనే పని చేసే పెద్దమనిషి. ఆ సీసాలో సగం వాటాదారు కూడా.

"వదినె, ఆగాగు! గంత పాపం చెయ్యకు. నా తాన పెట్టు, దాస్త."

"నీ తాన పెడితె కడుపుల దాస్తవు."

"గది కాదు వదినె, కోడలికి వాసన తగలద్దంటివి గద, గోడకియతల నుంచి ఏం వాసనొస్తది?"

"నీ నోట్లెకెల్లి వస్తది."

మోరీలోకి ధార పడుతుంటే కాక తువ్వాలతో మూతి మూసుకున్నాడు. సొంత అన్న పోయినప్పుడు కూడా అంత మౌనంగా నిలబడలేదు. మోరీలోకి దిగిన ఎలుక ఒకటి ఆ సాయంత్రం మా లైన్ మొత్తం తిరిగి పిల్లుల్ని పేరుపేరునా పిలిచిందని వాళ్లూ వీళ్లూ చెప్పుకున్నారు.

ఈ రెండు మందుల గొడవలో మూడోది నేను చూడలేదు. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ నెల రోజులు నేను నా సీసా కోసం ఏడ్వడం మాని నా భార్య మొహం సరిగ్గా చూసి ఉంటే బాగుండేది.

నాలుగో నెల చివరికొచ్చాక, వారానికి ఒక్క సెలవు దొరికిన రోజున, ఈసారి నేనూ దవాఖానకు వెళ్లాను. నా భార్య గోడ పట్టుకుని నడుస్తోంది. తలనొప్పి తగ్గకపోగా పెరిగింది. డాక్టరమ్మ కంటి కింద రెప్ప లాగి చూసింది. నాలుక చూసింది. రక్త పరీక్ష కాగితం చూసింది. తర్వాత మమ్మల్ని చూసింది.

"మాత్రలు వేసుకుంటోందా?"

నేను నా భార్యను చూశాను. నా భార్య అత్తను చూసింది. అవ్వ తల ఎత్తి, గర్వంగా, "ఒక్కటి గూడ ముట్టనియ్యలేదమ్మా," అంది.

డాక్టరమ్మ రక్త పరీక్ష కాగితం మళ్లీ చూసింది.

"ఎందుకు?" అంది డాక్టరమ్మ.

"నువ్వే గదనమ్మా మందు ముట్టద్దంటివి? గవి మందులే గద. కిటికి మీద బోర్డు గూడ ఉన్నది. నేనే సదివిన. మం... దు... లు... ఇ... చ్చు... చో... టు."

ఈ బోర్డు సంగతి చెప్పాలి. అవ్వ ఆ మధ్యనే కాలనీలో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. జీవితంలో మొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా, తనంతట తాను పూర్తిగా చదివిన బోర్డు అదే. దానికి ఆమె అన్యాయం చేయదలుచుకోలేదు. చీమల పొడి ప్యాకెట్ మీద కూడా ఏదో రాసి ఉండేది గానీ, అది ఇంగ్లీషు.

"నువ్వన్న చెప్పద్దానే?" అన్నాను భార్యతో.

"ఏం చెప్పాలె? పోయినసారి గవి మింగితె కడుపుల తిప్పుతుండె. అత్తమ్మ వద్దంటె మంచిదే అనుకున్న," అంది తల వంచుకుని.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఏదో అనబోయేలోపు అవ్వ కిందికి వంగింది. బల్ల కాలు దగ్గర చీమల బారు కనిపించింది ఆమెకు. కిందటిసారి వచ్చినప్పుడే చూసి మనసులో పెట్టుకుందట. కొంగు ముడి విప్పి, పొట్లం తీసి, "నీ దవాఖానల గూడ మస్తు చీమలున్నయమ్మా, ఫికర్ జెయ్యకు," అంటూ డాక్టరమ్మ కాళ్ల చుట్టూ తెల్లగా ఒక వరుస చల్లేసింది.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ గోడకు తగిలింది.

"ఏంటిది?"

"పొడి."

"ఏం పొడి?"

"చీమల పొడి. పొద్దుమాపు కోడలి మంచం చుట్టు చల్లుత."

డాక్టరమ్మ కిటికీ తెరిచి, నా భార్యను లేపి కిటికీ పక్కకు మార్చింది. అప్పుడు నెమ్మదిగా, ఈసారి ప్యాసింజర్ రైలు వేగంతో, "అమ్మా, నేను ఆ రోజు చెప్పిన మందు ఇదే," అంది.

"గిది మందెట్లయితదమ్మా? పొడి గద!"

"ఇది మందే. చీమను చంపేది చీమతో ఆగదు. గాల్లో కలుస్తుంది, చేతికి అంటుతుంది, తల్లి పీల్చింది బిడ్డకూ చేరొచ్చు."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్కొక్కటే అడగసాగింది.

"బీరువల డాంబర్ గోలీలు?"

"అవీ మందే. వాటిలో పెట్టిన బట్ట పసిబిడ్డకు చుట్టనే కూడదు."

"ఫినాయిలు?"

"ఈ అమ్మాయికి దూరంగా."

"ఆసిడు? దోమల చుట్టలు?"

"అన్నీ మందులే."

"మరి వీని బాయి మందు?"

"ఏం చేశారు?"

"వాకిట్లనే తానం చేపిచ్చిన. బట్టలు యేరే ఉతికిన."

"శభాష్. నెల మొత్తంలో మీరు చేసిన మంచి పని అదొక్కటే. అది మానకండి."

నా చివరి ఆశ అలా కూలింది. అవ్వకు కొంచెం ధైర్యం వచ్చింది.

"వీడు తాగేది గూడ పారబోసిన."

"కడుపుతో ఉన్నది ఆయన కాదు కదమ్మా," అని డాక్టరమ్మ నా వైపు చూసి, "అయినా ఫరవాలేదు, పారబొయ్యండి," అంది.

"మరి గా కిటికి కాడిచ్చినయి?"

"అవి మాత్రం మందులు కావు. రోజుకొకటి, అన్నం తిన్నాక, మీ చేత్తో మీరే వెయ్యండి."

అంటే మా ఇంట్లో మందు కానివన్నీ మందులు, మందుల కిటికీలో ఇచ్చినవి మాత్రం మందులు కావు. అవ్వ నేర్చుకున్న అక్షరాలన్నీ ఒక్కసారి తిరగబడ్డాయి. గుమ్మం దాకా వచ్చి ఆగి, వెనక్కి తిరిగి, ఎవరికీ వినపడకూడదన్నంత చిన్నగా అడిగింది.

"పోయినసారి పోయింది... గీ పొడితోనేనామ్మా?"

డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చి అవ్వ భుజం మీద చెయ్యి వేసింది. "అది ఎవరూ చెప్పలేరమ్మా. చాలాసార్లు మన చేతిలో ఏమీ ఉండదు. ఈసారి మన చేతిలో ఉన్నది మనం చేద్దాం," అంది.

ఇంటికి వచ్చేదాకా ఆటోలో అవ్వ కోడలి చెయ్యి వదల్లేదు.

మర్నాడు నేను డ్యూటీలో ఉండగా పశ్చాత్తాపం పనిలోకి దిగింది. ఇల్లు మొత్తం కడిగి పొడి ఆనవాలు లేకుండా చెయ్యాలి. మామూలు కడుగుడు చాలదనుకుంది. బాత్‌రూంలో బకెట్ పెట్టి, బ్లీచింగ్ కుమ్మరించి, ఇంకా గట్టిగా పట్టాలని దాని మీద ఆసిడ్ సీసా వంచింది. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందని ఆమెకు తెలియదు.

అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన నేను వాకిట్లో నల్లా తిప్పబోతున్నాను. ముక్కుకు ఘాటు తగిలింది. బాయి మనిషికి ముక్కే మొదటి అధికారి. లోపల గాలి పాడైతే ఆలోచించకుండా, మంచి గాలి వచ్చే వైపు నడవాలని మాకు నేర్పుతారు. బొగ్గు ఒంటితోనే ఇంట్లోకి దూకాను. ముందు గదిలో కూర్చున్న భార్యను రెండు చేతుల మీద ఎత్తుకుని, గాలికి ఎదురుగా లైన్ చివరి దాకా ఉరికాను.

"దించయ్యా! జనం చూస్తున్నరు!"

"చూడనియ్యి."

"నీ బట్టల నిండ మందుంది గదయ్యా!"

ఆమెను చివరి ఇంటి అరుగు మీద దింపి, మూతికి తడి తువ్వాల చుట్టుకుని అవ్వ కోసం వెళ్లాను. దగ్గుతూ, కళ్లు కారుతూ, బకెట్ వదలకుండా నిలబడి ఉంది. "మందు గడుగుతున్నరా..." అంది. చెయ్యి పట్టి బయటికి లాగాను. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి సాయంత్రం దాకా ఎవరమూ లోపలికి పోలేదు. నా భార్య మీద పడిన నల్లటి చేతి ముద్రలు చూసి లైనంతా వారం రోజులు నవ్వింది. డాక్టరమ్మ మళ్లీ చూసి, తల్లికీ పిండానికీ ఏం కాలేదని చెప్పింది. అవ్వకు మాత్రం జీవితకాల ఉత్తర్వు జారీ చేసింది: నీళ్లు, సబ్బు, చీపురు. నాలుగోది లేదు.

అవ్వ బతుకంతా చీపురైపోయింది. చక్కెర డబ్బా నీళ్ల పళ్లెంలోకి ఎక్కింది. పొడి పోయిన కబురు అందుకున్న చీమలు పెద్దపల్లి, మంచిర్యాల నుంచి కూడా బంధువులతో తరలి వచ్చాయి. అవ్వ చీపురు పట్టుకుని వాటి వెనక నడుస్తూ, "పోండ్రి బిడ్డా, జల్ది పోండ్రి, పనుంది," అని సాగనంపేది. రోజూ అన్నం కాగానే మాత్ర కోడలి నాలుక మీద తనే పెట్టి, నోరు తెరిపించి మింగిందో లేదో చూసేది. ఐదో నెల వచ్చింది. ఆరో నెల వచ్చింది. మేం వేళ్లు లెక్కపెట్టడం మానేశాం.

మిగిలింది బొంత. దాన్ని పారెయ్యమని ఎవరూ అనలేకపోయారు, అలాగని బిడ్డకు వాడటానికి వీల్లేదు. అవ్వ ఉతికి ఎండలో వేసింది, వాసన చూసింది, మళ్లీ ఉతికింది. డాంబర్ వాసన దారాల్లో కాపురం పెట్టింది. ఎండాకాలమంతా ఆ బొంత మా వాకిట్లో జెండాలా ఎగిరింది. చివరికి అవ్వకు తన ముక్కు మీదే నమ్మకం పోయి, కాకను పిలిచింది.

"చూసి చెప్పు. ఉన్నదా, పోయిందా?"

కాక బొంతలో మొహం పెట్టి, కళ్లు మూసుకుని, దీర్ఘంగా పీల్చి, "సబ్బు వాసన, ఎండ వాసన. ఇంకేం లేదు వదినె," అన్నాడు.

అవ్వ నమ్మలేదు. కుట్లన్నీ విప్పేసింది. లోపలి పాత చీరల పొరలు తీసి అవతల పెట్టి, బీరువాలో కాకుండా దండెం మీద ఉన్న తన రోజువారీ చీర ఒకటి చింపి, మొదటి నుంచీ మళ్లీ కుట్టింది.

ఆ బొంతలోనే మా బిడ్డను దవాఖాన నుంచి తెచ్చాం. ఆడపిల్ల. గొంతు చూస్తే బాయి సైరన్. అవ్వ ఒళ్లో పెట్టుకుని కాళ్లూ చేతులూ వేళ్లూ తడిమి తడిమి చూసి, ఏమీ అనకుండా, బొంత అంచు ఒకసారి వాసన చూసి కప్పింది.

ఆ సంబరంలో కాక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అప్పటికి ఆరు నెలలుగా నోరు ఎండిన మనిషి.

"కొడుకా, మహాలక్ష్మి పుట్టింది. మరి మందేది?"

లోపలి నుంచి అవ్వ గొంతు వచ్చింది. "ఏ మందు?"

మా ఇంట్లో అప్పటికే అదొక చట్టం. ఏ మందో చెప్పకుండా మందు అన్న మాట ఎవరూ పలకడానికి వీల్లేదు. కాక గొంతు తగ్గించాడు. "గదే వదినె... సంబరం మందు..."

అవ్వ బయటికి వచ్చింది. కాక అరచేతిలో ఎర్రటి మాత్ర ఒకటి పెట్టింది. "ఇంట్ల మందు లేదు. గిదున్నది. డాక్టరమ్మ చెప్పింది, మందు కానిది గిదొక్కటే. అన్నం తిని మింగు."

కాక దాన్ని చూశాడు, నన్ను చూశాడు, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు బాయిలో దీపం నా మొహం మీద వేసి, ఎవరూ వినకుండా అడిగాడు.

"కొడుకా, రాత్రి అన్నం తిని మింగిన, మంచిగనె ఉన్నది. వదినెను అడుగు... ఇంకోటి ఉన్నదా?"